కనిపెట్టు కాలం

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల సంఘ కాపరులకు, విచారణ గురువులకు, ఉపదేశులకు, సంఘ పెద్దలకు

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ, వాటి వెంట నడిచే వారాలూ కలిసి ఆగమన కాలం. నవంబరు 30న వచ్చే అంద్రెయ పండుగకు ఏ ఆదివారం దగ్గరగా ఉంటే దానితో ఇది మొదలవుతుంది. అందుకే మొదటి ఆదివారం నవంబరు 27కు ముందు రాదు, డిసెంబరు 3 దాటిపోదు. క్రిస్మస్ ఏ వారం నాడు పడిందన్న దాన్ని బట్టి ఈ కాలం 22 రోజుల నుంచి 28 రోజుల వరకు ఉంటుంది. కతోలికులు దీన్ని ఆగమన కాలమనీ, లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాల వాళ్లు అడ్వెంటు అనీ అంటారు. ఆరాధన క్రమం పాటించే సంఘాలకు కొత్త సంవత్సరం జనవరి 1న కాక ఈ మొదటి ఆదివారంతోనే వస్తుంది. బలిపీఠం మీద ఊదా వస్త్రం పరుస్తారు. ఊదా పశ్చాత్తాపానికి, సిద్ధపాటుకు గుర్తు. మూడో ఆదివారం ఒక్కటి చాలాచోట్ల గులాబీ రంగులోకి మారుతుంది. పండుగ దగ్గరపడిందన్న సంతోషం ఆ రంగులో కనబడుతుంది.

అడ్వెంటు అన్న మాటకు మూలం లాటిన్. దాని అర్థం రాకడ. 12వ శతాబ్దపు సన్యాసి, క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు ఈ రాకడ మూడు విధాలని బోధించాడు. బేత్లెహేములో శిశువుగా వచ్చిన రాకడ ఒకటి, కడవరి దినాన మహిమతో వచ్చే రాకడ మరొకటి, ఈ రెంటి నడుమ మనిషి గుండెలోకి ప్రతిరోజూ వచ్చే రాకడ మూడోది. తెలుగు సంఘాల్లో మొదటి దానికి క్రిస్మస్ ప్రసంగాలున్నాయి, రెండో రాకడకు ఉజ్జీవ కూటాలున్నాయి. మూడోదాన్ని నిదానంగా ధ్యానించే తీరిక ఏడాదిలో ఎక్కడైనా ఉందంటే అది ఈ నాలుగు వారాల్లోనే.

ఆ ధ్యానానికి తెలుగులో ముందే ఒక మాట ఉంది: కనిపెట్టడం. తెలుగు బైబిలులోని కీర్తనల్లో భక్తుడు దేవుని కోసం ఎదురుచూడటాన్ని ఈ క్రియతోనే చెప్పారు. 130వ కీర్తనలో రాత్రి కావలివాళ్లు తెల్లవారడం కోసం చూసే చూపుకూ ఇదే మాట. పల్లెల్లో దీనికి మరో రెండు అర్థాలు నడుస్తున్నాయి. మరుగున ఉన్నదాన్ని పసిగట్టినా కనిపెట్టడమే. ‘ముసలామెను కాస్త కనిపెట్టుకొని ఉండండి’ అని పొరుగింటికి అప్పగించినప్పుడు ఆదుకోవడమూ కనిపెట్టడమే. ప్రభువు కోసం ఎదురుచూడటం, ఆయన ఏ రూపంలో వచ్చాడో గుర్తుపట్టడం, ఆయన తనవాళ్లని చెప్పిన బీదలను చూసుకోవడం అనే మూడు పనులూ ఈ ఒక్క క్రియలో ఒదిగాయి. ఆగమన కాలపు ఆరాధన కూడా ఆ మూడింటితోనే పూర్తవుతుంది.

ఈ కాలం ఒక్కసారిగా ఏర్పడింది కాదు. డిసెంబరు 25న క్రీస్తు జననాన్ని స్మరించినట్టు చెప్పే పాత రోమా పట్టిక 336 నాటి ఆచారాన్ని చూపిస్తుంది. స్పెయిన్‌లోని సరగోసాలో 380లో జరిగిన సభ, డిసెంబరు 17 నుంచి జనవరి 6 వరకు విశ్వాసులెవరూ ఆరాధన మానుకొని ఇళ్లలో ఉండిపోకూడదని తీర్మానించింది. 5వ శతాబ్దంలో ఇప్పటి ఫ్రాన్సులోని తూర్ నగరపు బిషప్ పెర్పెతువస్, నవంబరు 11న వచ్చే మార్టిన్ పండుగ నుంచి క్రిస్మస్ వరకు వారానికి మూడు రోజుల ఉపవాసం ఏర్పరచాడు. తర్వాత రోమాలో పోపు మహా గ్రెగొరీ కాలానికి నాలుగు ఆదివారాల క్రమం స్థిరపడింది. తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాలు నేటికీ నవంబరు 15 నుంచి 40 రోజులు ఉపవాసముంటాయి. ఇలా ఎక్కడ చూసినా ఈ కాలం ఉపవాసంతో, గుడికి నడిచి వెళ్లడంతో, తప్పులు ఒప్పుకోవడంతో మొదలైంది. విందు పండుగ రోజున వచ్చింది.

నాలుగు కొవ్వొత్తుల వలయం వీటన్నిటికంటే చిన్నది, వయసులోనూ చిన్నదే. 1839లో జర్మనీలోని హాంబర్గులో యోహాన్ హిన్రిష్ విఖెర్న్ అనే లూథరన్ పాస్టరు బీదపిల్లల ఆశ్రమం నడిపేవాడు. పండుగ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ అడుగుతుంటే, ఒక బండిచక్రం మీద ఆదివారాలకు పెద్ద కొవ్వొత్తులు నాలుగు, మామూలు రోజులకు చిన్నవి పెట్టి రోజుకొకటి వెలిగించాడు. దిక్కులేని పిల్లలకు రోజులు లెక్కపెట్టుకోవడం నేర్పడానికి పుట్టిన ఆచారం అది. ఇప్పుడు గుంటూరు పట్టణ చర్చిల్లో కనబడే వలయం దాని సంతానమే.

విఖెర్న్ ఆ చక్రం వెలిగించిన మూడేళ్లకు, 1842 జులై 31న, జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టి అమెరికా లూథరన్ సంఘం పంపగా వచ్చిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరాడు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనను ఆదరించి ఇక్కడ నిలిపాడు. ఆ ఏడు ఆగమన కాలం నవంబరు 27న మొదలై, క్రిస్మస్ ఆదివారం నాడే వచ్చింది. ఫాదర్ హయ్యర్‌గా జనం నోట నిలిచిన ఆయన తర్వాత గురజాల కేంద్రంగా పల్నాటిలోకీ వెళ్లాడు. ఆ మిషను నుంచే 1885లో ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా ఎదిగిన విద్యాలయం, 1883లో వచ్చిన డాక్టర్ ఆనా కుగ్లర్ కృషితో ఆసుపత్రి, 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం రూపుకట్టాయి. లూథర్ సంస్కరణ పోపు అధికారాన్ని కాదన్నా సంఘ సంవత్సరాన్ని వదులుకోలేదు. అందువల్ల లూథరన్ పల్లెలకు అడ్వెంటు మొదటి నుంచీ ఆరాధన పుస్తకంతో పాటే వచ్చింది.

కతోలికులకు ఆ క్రమం మరింత పాతది. ఫిరంగిపురంలో బాలయేసు పేరిట వెలసిన దేవాలయం ఆ ఊరి విశ్వాసానికి గుర్తు. గుంటూరు మేత్రాసనం 1940లో ఏర్పడింది. ప్రకాశం పల్లెలు 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనం కిందికి వస్తాయి. ఆగమన కాలంలో ఈ విచారణల్లో పాపసంకీర్తనానికి ప్రత్యేక సమయం కేటాయిస్తారు, డిసెంబరు 8న నిష్కళంక మాత పండుగ చేస్తారు, డిసెంబరు 17 నుంచి 24 వరకు ప్రతిరోజు పూజకు వేరే పఠనాలు చదువుతారు. పశువుల పాకలో బాలయేసు ప్రతిమను 24 రాత్రి వరకు ఉంచరు. ఆ ఖాళీ తొట్టే ఆ నాలుగు వారాల పాఠం.

ఒంగోలు బాప్టిస్టులకు సంఘ సంవత్సరం లేదు. అయినా కనిపెట్టడమంటే ఏమిటో ఈ ప్రాంతానికి బాగా నేర్పిన కొండ వాళ్లదే. నెల్లూరులో 1840 నుంచి సాగిన మిషను ఫలితం లేక మూతపడుతుందన్న మాట పుట్టిన రోజుల్లో, 1854 జనవరి 1న లైమన్ జూయెట్ తన భార్యతో, వెంట ఉన్న తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కి తెల్లవారేదాకా ప్రార్థించాడు. కింద కనబడే ఊరికి ఒక సేవకుడిని పంపమని అడిగాడు. జవాబు రావడానికి 12 ఏళ్లు పట్టింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలుకు కాపురం వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం కట్టాడు. కనిగిరి వైపు తాళ్లకొండపాడు నుంచి వచ్చిన యర్రగుంట్ల పేరయ్య ముందు నడవగా వార్త మాదిగపల్లెల్లోకి పాకింది.

క్లౌ కాలంలో మరో ఎదురుచూపు జరిగింది. 1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీని కాల్చేసిన కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించాడు. ఆ పని నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట వాళ్ల విశ్వాసానికి అంటకూడదని ఆగాడు. కరవు సాయం ముగిశాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. లెక్క గొప్పదే. దానికంటే గొప్పది ఆ ముందటి ఆగడం. అడిగినవాళ్లకు వెంటనే ఇచ్చి సంఖ్య పెంచుకోవడానికి అన్ని వీలూ ఉన్న చోట, విశ్వాసపు గౌరవం కోసం ఒక సంఘం నెలల తరబడి కాచుకుంది.

ఆ తొలి తరానికి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. మొదటి నియమానికే పల్లెల్లో ఎక్కువ వెల కట్టవలసి వచ్చింది. వారంలో ఒక రోజు పనికి రానన్న మాదిగ కుటుంబానికి ఊళ్లో పని పోయింది, బావి నీళ్లు పోయాయి, కొన్నిచోట్ల దెబ్బలు మిగిలాయి. ఈ మైదానంలో ఆదివారపు ఆరాధన తేరగా వచ్చింది కాదు. దాని వెల తెలిసిన సంఘమే ఆగమన ఆదివారాల వెల తెలుసుకోగలదు.

ఎదురుచూపును ఆరాధనలో ఒక పద్ధతిగా నిలిపినవాడు ముంగమూరి దేవదాసు. లూథరన్ సంఘంలో పనిచేసి, 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను స్థాపించిన దేవదాసయ్యగారు 1960లో గుంటూరు దగ్గర కాకానిలో కన్నుమూశారు. ప్రసంగం, పాట, మనవి అన్నీ ఆపి, మౌనంగా దేవుని సన్నిధిలో కనిపెట్టుకొని ఉండటం ఆ మిషనులోని సన్నిధి కూటాల ప్రత్యేకత. కాకానిలో ఏటా జనవరి చివర జరిగే మహాసభలకు లక్షల జనం వస్తారు. వాళ్ల ఇళ్లలో ఈ మౌనం అలవాటు ఉంది. ఆగమన కాలానికి ఏ దేశం నుంచీ తెచ్చుకోనక్కర లేని ప్రార్థన పద్ధతి ఇది. లూథరన్లు, బాప్టిస్టులు, కతోలికులు దీన్ని పక్క ఇంటి నుంచే తీసుకోవచ్చు.

పాటకూ అలాంటి సొంత ఆస్తి ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటలకు రాగం, తాళం పేర్లు పైన అచ్చువేసి ఉంటాయి. 1803లో పుట్టి 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరి మొదలుకొని ఎందరో కవులు కర్ణాటక బాణీల్లో ఆ పుస్తకాన్ని నింపారు. గుంటూరు సీమ కవుల్లో వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా రాసిన ‘క్రీస్తు చరిత్ర’ 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందింది. గబ్బిలం కవిగా జాషువాను ఎరిగిన క్రైస్తవ యువకులు చాలామంది ఈ కావ్యం తెరచి ఉండరు. నాలుగు ఆదివారాల సాయంత్రాల్లో నాలుగు ఘట్టాలు పద్యం చదవగలిగిన ఒక టీచరు చేత చదివిస్తే, పిల్లలకు బేత్లెహేముతో పాటు వినుకొండా తెలుస్తుంది.

ఇంత ఆస్తి ఉన్న ఆరాధన ఈ నేల మీద ఏ ఋతువులో పడుతోందో కూడా చూడాలి. జూన్, జులైలలో రేగడి చేలల్లో వేసిన పత్తి నవంబరు, డిసెంబరుల్లో తీతకు వస్తుంది. ఆగస్టులో నారు పోసి, సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటిన మిరప క్రిస్మస్ నాటికి పూత, పిందె దాటి ఎర్రబడుతుంటుంది. తొలి కోతలు అప్పుడే మొదలై మార్చి, ఏప్రిల్ దాకా సాగుతాయి. చేలో పైరు నిలిచి ఉన్న ఆ నెలల్లోనే బంగాళాఖాతంలో తుఫాన్లు లేస్తాయి. 2023లో మిచౌంగ్ తుఫాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అది ఆగమన కాలం మొదటి వారం. ఆ వారం తడిసిన పత్తికి, పడిపోయిన వరికి, నీళ్లు నిలిచిన మిరపకు సంఘాల్లో చేసిన ప్రార్థన ఏ పుస్తకంలోనూ లేదు. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను మాడ్చేసిన శీతకాలమూ అలాంటిదే. కౌలుకు తీసుకొని అప్పు మీద సాగు చేసే కుటుంబానికి డిసెంబరు అంటే ఆశా భయమూ ఒకే పూట వచ్చే నెల.

కూలి కుటుంబానికి అది చేతినిండా పని ఉన్న నెల. ఈ పల్లెల్లో సంఘ సభ్యుల్లో ఎక్కువమంది ఆ కూలీలే, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మంచు ఆరగానే పత్తి చేలో దిగి, ఒడిలో దూది నింపుకుంటూ పొద్దు వాలేదాకా వంగి తీస్తారు. తూకం మీద కూలి కాబట్టి ఒక పూట పోతే ఆ పూట తిండి పోయినట్టే. మిరప కోతకు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కొని, తలకు గుడ్డ చుట్టుకొని వెళ్తారు. రాత్రికి చేతులు మండుతుంటే నిద్ర పట్టదు. కోతలు ముదిరాక కర్నూలు వైపు నుంచి, ప్రకాశం పడమటి మండలాల నుంచి కుటుంబాలు పిల్లలతో సహా ముఠాలుగా వచ్చి చేల గట్ల మీద గుడిసెలు వేసుకుంటాయి. వాళ్లలోనూ క్రైస్తవులున్నారు. వాళ్ల గుడిసెలకు దగ్గర్లోనే చర్చి ఉన్నా ఆ చర్చి రిజిస్టరులో వాళ్ల పేర్లుండవు.

డిసెంబరు అంతా ఈ జిల్లాల్లో జరిగే వేడుక మరో తీరులో ఉంటుంది. నెల మొదటి నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. చర్చిలో ఒకటి, బడిలో ఒకటి, ఆఫీసులో ఒకటి, సంఘాల ఐక్యవేదికలో ఒకటి. ఇంటి మీద నక్షత్రం వెలుగుతుంది, యువకులు రాత్రిళ్లు డప్పులతో క్యారల్స్‌కు తిరుగుతారు, గుమ్మం దగ్గర టీ కాచి పెద్దవాళ్లు ఎదురుచూస్తారు. ఈ వేడుకల్లో మంచి చాలా ఉంది. ఊళ్లో హిందువులు, ముస్లింలు క్రైస్తవుల పక్కన కూర్చొని ఒకే పంక్తిలో తింటారు. సండే స్కూలు పిల్లలు గొర్రెల కాపరుల వేషం కట్టి తొలిసారి మైకు ముందు నిలబడతారు. తండ్రి చనిపోయిన ఇంటికి క్యారల్స్ బృందం వచ్చి పాడిన పాట ఆ ఇంటివాళ్లకు ఏడాదంతా గుర్తుంటుంది.

అయితే నాలుగు వారాలూ వేడుకే అయినప్పుడు సిద్ధపాటుకు చోటు మిగలదు. 25 ఉదయం వచ్చేసరికి పాటలు అరిగిపోతాయి, గొంతులు బొంగురుపోతాయి, కాపరి అలసిపోతాడు. పందిరికి, సౌండుకు, కేకుకు, విందుకు వేసిన చందా రోజుకూలీ ఇంటి నుంచి కూడా వస్తుంది. అది ఇవ్వలేనివాళ్లు ఆ రాత్రి చర్చికి రావడానికి మొహమాటపడతారు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకరు వాడకూడదు. ఆ నియమం మీరితే పక్కింటి పసిబిడ్డ, పక్క వీధిలోని జబ్బుమనిషి క్రీస్తు పేరు వినేది నిద్ర చెడిన చెవులతోనే.

ఆగమన కాలపు పఠనాలు ఈ ఋతువుకు చెప్పినట్టే ఉన్నాయి. మూడేళ్ల పఠన క్రమం పాటించే సంఘాల్లో, మత్తయి సువార్త చదివే ఏడాది మొదటి ఆదివారం యెషయా గ్రంథం నుంచి కత్తులు నాగటి నక్కులుగా మారే దర్శనం చదువుతారు. అదే రోజు సువార్తలో పొలంలో ఇద్దరుంటే ఒకరిని తీసుకొని ఒకరిని విడిచిపెట్టే మాట వస్తుంది. రాకడ గుడిలో ఉన్నప్పుడే వస్తుందని ఆ సువార్త అనలేదు, పని చేస్తున్న చోట వస్తుందంది. రెండో ఆదివారం బాప్తిస్మమిచ్చు యోహాను చేట పట్టుకొని కళ్లం శుభ్రం చేసేవాడి గురించి చెబుతాడు. కళ్లం ఎరిగిన ఊరికి ఆ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. గింజ ఏదో పొట్టు ఏదో తేల్చుకునే ఆత్మపరీక్ష ఆ వారానిది.

మూడో ఆదివారం యాకోబు పత్రిక అయిదో అధ్యాయం ఏడో వచనం నుంచి చదువుతారు. తొలకరి వాన, కడవరి వాన పడేదాకా రైతు ఓపికతో కాచుకొని ఉన్నట్టే విశ్వాసి ఉండాలని అక్కడ ఉంది. పఠనం ఏడో వచనంతో మొదలవుతుంది గాని, దానికి మూడు వచనాల ముందే పొలం కోసిన పనివాళ్లకు బిగబట్టిన కూలి దేవునికి మొరపెడుతోందని ఉంది. ఈ రెండు మాటలూ ఒకే పేజీలో ఉన్నాయి. రైతు ఎదురుచూపును దీవించిన వాక్యమే కూలి బాకీని లెక్కపెడుతోంది. పత్తి, మిరప పండే మండలాల్లో మూడో ఆదివారం ప్రసంగం నాలుగో వచనం నుంచి మొదలుకావడం న్యాయం.

నాలుగో వారంలో మరియమ్మ నిలుస్తుంది. నజరేతు పల్లె పిల్ల నోట లూకా పెట్టిన పాట గద్దెల మీదున్నవాళ్లను దించి దీనులను లేపిన దేవుణ్ణి పొగుడుతుంది, ఆకలిగొన్నవాళ్ల కడుపు నింపిన దేవుణ్ణి పొగుడుతుంది. కతోలికులు డిసెంబరు 22న పూజలో ఆ భాగం చదువుతారు. 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల నెత్తురు చూసిన నేల ఇది. ఈ నేల మీద ఆ పాటను లాలిపాటగా మాత్రమే పాడితే మరియమ్మకు అన్యాయం జరుగుతుంది. కన్నీటితో, ధైర్యంతో పాడవలసిన పాట అది.

ఈ పఠనాలు వినేవాళ్లకు చేరాలంటే ఆరాధన వేళలు పొలం వేళలతో సరిపడాలి. పత్తి తీతకు మంచు ఆరాక వెళ్తారు గనుక తెల్లవారుజామున 5 గంటల ప్రార్థన ఈ నెలలో చాలామందికి కుదురుతుంది. లైమన్ జూయెట్ కొండ ఎక్కిన వేళ కూడా అదే. అరగంట చాలు: ఒక కీర్తన, ఒక పఠనం, పది నిమిషాల మౌనం, ఊరి కోసం మనవి. మనవుల్లో పేర్లుండాలి. కౌలు కట్టలేకపోతున్న ఇల్లు, జ్వరంతో పడుకున్న ముసలామె, మిర్చి యార్డుకు బస్తాలు వేసి ధర కోసం రాత్రంతా లారీ పక్కన కూర్చున్న రైతు, అతని సరుకు మోసే హమాలీ ఆ ప్రార్థనలో ఉండాలి. ఆదివారం పనికి వెళ్లక తప్పని కూలీల కోసం సాయంత్రం రెండో ఆరాధన పెట్టవచ్చు. ఒక కాపరి కింద నాలుగైదు గ్రామ సంఘాలు ఉన్న చోట ఉపదేశి, స్త్రీల సమాజం, యువజనులు ఆ వేకువ ప్రార్థనలను పంచుకుంటే కాపరి లేని ఊరు కూడా ఖాళీగా ఉండదు.

శుక్రవారపు ఉపవాస ప్రార్థన ఈ జిల్లాల్లో చాలా సంఘాలకు అలవాటే. అయితే వంగి పనిచేసే శరీరానికి ఉపవాసం బరువు. గర్భిణులను, పాలిచ్చే తల్లులను, చక్కెర జబ్బు ఉన్నవాళ్లను, ఆ రోజు చేలోకి వెళ్లేవాళ్లను ఉపవాసం నుంచి తప్పించడం కాపరి బాధ్యత. మూడు పూటలా తినగలిగినవాళ్ల ఉపవాసమే ఆ నెలలో అర్థవంతం. వాళ్లు మానుకున్న పూట భోజనం వెల కానుక పెట్టెలో పడితే ఆ ఉపవాసం పొరుగింటి పొయ్యి వెలిగిస్తుంది. చాలా ఇళ్లలో వంటకు ముందు పిడికెడు బియ్యం దేవుని పేర పక్కన తీసిపెట్టే అలవాటు పాతదే. ఆ పిడికెడు బియ్యాన్ని ఆగమన కాలంలో గట్ల మీది వలస గుడిసెలకు చేర్చవచ్చు.

సెమీ క్రిస్మస్‌లను మానేయనక్కర్లేదు. మొదటి మూడు వారాలు ఆగమనానికి విడిచి, ఊరంతా కలిసి చేసుకునే ఒక్క వేడుకను డిసెంబరు 17 తర్వాతి వారానికి జరిపితే రెండూ నిలుస్తాయి. క్యారల్స్ ఆఖరి వారం రాత్రులకు ఉంచి, 10 గంటలకు మైకు కట్టేసి, తర్వాత వట్టి గొంతులతో పాడితే పాట ఇంకా దగ్గరగా వినబడుతుంది. క్యారల్స్ బృందం దారిలో చేల గట్టు మీది గుడిసెల దగ్గరా ఆగాలి. అక్కడ కానుక తీసుకోకుండా, ఏదైనా ఇచ్చి రావాలి. చందా పుస్తకంలో రోజుకూలీ ఇళ్లకు మొత్తం రాయకుండా వాళ్ల ఇష్టానికి వదిలేయాలి.

సంఘంలో భూమి ఉన్నవాళ్లు, ముఠా మేస్త్రీలు, మిర్చి వ్యాపారులు ఉంటే వాళ్లకు ఆగమన కాలం ఒక గడువు. పత్తి తీసినవాళ్ల కూలి, మిరప కోసినవాళ్ల కూలి క్రిస్మస్ ముందు రోజుకల్లా వాళ్ల చేతిలో పడాలి. కొత్త బట్టలు కొనడానికి వాళ్లూ ఎదురుచూస్తుంటారు. యాకోబు రాసిన మాట గుడిలో చదివి, బాకీ లెక్క జనవరికి వాయిదా వేస్తే ఆ ఆరాధన అబద్ధమవుతుంది. పెద్దల సభలో ఈ ఒక్క సంగతి పేర్లు బయటపెట్టకుండా, ప్రేమతో గుర్తుచేసినా చాలు.

ఆగమన వలయానికి కొవ్వొత్తులు కొనలేని గ్రామ సంఘాలు నాలుగు మట్టి ప్రమిదలు పెట్టుకోవచ్చు. ఆ ఊరి చేలో పండిన పత్తితో, దాన్ని తీసిన చేతులతోనే వత్తులు చేయించి, వారానికొక ప్రమిద చొప్పున పిల్లలతో వెలిగిస్తే, హాంబర్గు ఆశ్రమంలో విఖెర్న్ చేసిన పనికి ఈ నేల మీద సరైన వారసత్వం అదే. ఒకటో ప్రమిద నిరీక్షణకు, రెండోది సమాధానానికి, మూడోది ఆనందానికి, నాలుగోది ప్రేమకు అని ఇప్పుడు చాలా సంఘాలు చెప్పుకుంటున్నాయి. ఏ పేరు పెట్టినా, వెలిగించే ముందు పది నిమిషాలు మౌనంగా ఉండటం మరచిపోకూడదు.

లూథరన్, బాప్టిస్టు, కతోలిక, బైబిలు మిషను, సాల్వేషన్ ఆర్మీ, పెంతెకొస్తు సంఘాలు ఒకే ఊళ్లో ఒకే వీధికి అటూ ఇటూ ఉన్న చోట్లు ఈ జిల్లాల్లో ఎన్నో. సంఘ సంవత్సరాన్ని పాటించనివాళ్లకు దాన్ని అంటగట్టనక్కర్లేదు. వాళ్లు కూడా ఎదురుచూసే ప్రభువు ఒక్కడే గనుక, నాలుగు వారాల్లో ఒక్క వేకువ అందరూ కలిసి, అతిథులు, సన్మానాలు, ఫ్లెక్సీలు లేకుండా ఊరి చెరువు గట్టున ప్రార్థిస్తే ఆ ఊరికి మేలు.

24 రాత్రి ఖాళీ తొట్టిలో శిశువును పడుకోబెట్టే వేళకు నాలుగు ప్రమిదలూ వెలిగి ఉంటాయి. కూలి బాకీలు తీరి ఉంటే, గట్టు మీది గుడిసెకు అన్నం చేరి ఉంటే, ఏడాదంతా మాట్లాడుకోని రెండు ఇళ్లు వేకువ ప్రార్థనలో పక్కపక్కన మోకరించి ఉంటే, ఆ సంఘం కనిపెట్టు కాలం నిండింది. అప్పుడు గంట కొట్టవచ్చు, పాట ఎత్తవచ్చు.